చదువు అబ్బలేదనే మాట

మన గూడేల్లో, తండాల్లో బడి మానేసిన పిల్లవాడి గురించి అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ఒకటే. "వాడికి చదువు అబ్బలేదు." తల్లి అదే అంటుంది, సారు అదే అంటాడు, కొన్నాళ్లకు ఆ పిల్లవాడూ అదే అంటాడు. ఎవరినీ నొప్పించని మాటలాగే ఉంటుంది. చెట్టుకు కాయ కాయలేదు, చెరువుకు నీరు రాలేదు అన్నట్టే పిల్లవాడికి చదువు అబ్బలేదు. కానీ ఆ మాట అనగానే అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆగిపోతాయి. ఎందుకు అబ్బలేదు? ఎవరు చెప్పారు, ఏ భాషలో చెప్పారు, ఎన్నాళ్లు చెప్పారు? పలక మీద అక్షరం పిల్లవాడి కంటికి ఎలా కనిపించింది, చెవికి ఎలా వినిపించింది? వీటిలో ఒక్కటీ అడగకుండానే తీర్పు అయిపోతుంది.

కొత్తవాడలో అద్దె గదుల్లో ఉంటూ పోటీ పరీక్షలకు చదువుకునే మా వాళ్లలో ములుగు, తాడ్వాయి, కొత్తగూడ, గూడూరు, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. మేము పదిమందిమి కూర్చుంటే, మాతో ఒకటో తరగతిలో చేరి మధ్యలో పోయినవాళ్ల పేర్లు మాకంటే ఎక్కువే వస్తాయి. వాళ్లలో పేదరికం వల్ల పోయినవాళ్లున్నారు, హాస్టల్‌లో జ్వరం వచ్చి ఇంటికి పోయి మళ్లీ రానివాళ్లున్నారు. వాళ్లు కాక ఇంకొందరున్నారు. ఇంట్లో తిండికి లోటు లేదు, బడికి రోజూ వచ్చేవాళ్లు, ఆటలో ముందుండేవాళ్లు, సారు చెప్పిన కథను మర్నాడు పొల్లుపోకుండా తిరిగి చెప్పేవాళ్లు. పుస్తకం తెరిస్తే మాత్రం నోరు పెగలదు. ఈ వ్యాసం వాళ్ల గురించి.

ఇటువంటి ఇబ్బందిని ఇవాళ అభ్యసన వైకల్యం అంటున్నారు. చదవడంలో వచ్చేది డిస్‌లెక్సియా, రాయడంలో వచ్చేది డిస్‌గ్రాఫియా, లెక్కల్లో వచ్చేది డిస్‌కాల్క్యులియా. ఒక్కోసారి రెండు మూడు కలిసి ఉంటాయి. ఇది తెలివి తక్కువతనం కాదు. బద్ధకం కాదు. కంటిచూపు, వినికిడి సరిగా ఉండి, మామూలు తెలివి ఉండి, చెప్పేవాళ్లు చెప్పినా కూడా, మాటలోని శబ్దాన్ని విడదీసి గుర్తుకు జతచేసే పని మెదడులో సాఫీగా సాగకపోవడం. పుట్టుకతో వచ్చేది, కుటుంబాల్లో తరచుగా కొనసాగేది. బడి పిల్లల్లో 5 నుంచి 15 శాతం వరకు ఇది ఉండవచ్చని ప్రపంచవ్యాప్త అంచనాలు. తక్కువ అంచనానే తీసుకున్నా 40 మంది ఉన్న తరగతిలో ఇద్దరు. ఆశ్రమ పాఠశాలలో పదేళ్లు పనిచేసిన టీచరు ఇలాంటి పిల్లలను ఎంతోమందిని చూసే ఉంటారు. చూశామన్న సంగతి తెలియకపోవచ్చు.

తెలుగు లిపిలో ఇది ఇంగ్లీషులో కనిపించినట్టు కనిపించదు. ఇంగ్లీషులో స్పెల్లింగుకూ పలుకుబడికీ పొంతన ఉండదు కాబట్టి అక్కడ తప్పులు తొందరగా బయటపడతాయి. తెలుగులో రాసినట్టే చదువుతాం. అందుకని పిల్లవాడు తప్పు చదవడం కంటే మెల్లగా చదవడం ఎక్కువ కనిపిస్తుంది. వర్ణమాల అప్పజెప్పేస్తాడు, గుణింతం దగ్గర తడబడతాడు, ఒత్తులు వచ్చేసరికి ఆగిపోతాడు. ప, వ, ష ఒకదానికొకటి మారిపోతాయి. మ, య కలిసిపోతాయి. ఐదో తరగతిలో కూడా ఒక్కో అక్షరం కూడబలుక్కుని, వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏం చదివాడో మరచిపోతాడు. అదే వాక్యం మనం చదివి వినిపిస్తే అర్థం చక్కగా చెబుతాడు.

ఈ ఇబ్బందిని వైద్యులు మొదట గమనించిన తీరు మనకు చాలా చెబుతుంది. డిస్‌లెక్సియా అనే పేరును 1887లో జర్మనీ కంటి వైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ పెట్టాడు. 1896లో ఇంగ్లండు వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ పెర్సీ అనే 14 ఏళ్ల కుర్రవాడి గురించి వైద్య పత్రికలో రాశాడు. కుర్రవాడు చురుకైనవాడు, లెక్కలు బాగానే చేస్తాడు. ఏళ్ల తరబడి నేర్పించినా తన పేరులోని అక్షరాలను కూడా తారుమారుగా రాస్తాడు. చదువంతా నోటితోనే సాగేట్టయితే బడిలో అందరికంటే తెలివైనవాడు ఇతడే అయ్యేవాడని అతని పంతులు అన్నాడట.

చదువంతా నోటితోనే సాగేట్టయితే! మన తాతల చదువు అట్లాగే సాగింది కదా. పడిగె పట్టి గోత్రాల కథ చెప్పే డోలి కోయల చదువు నోటిదే. కిక్రి వాయిస్తూ గోండుల పురాణం పాడే ప్రధానుల చదువు నోటిదే. లంబాడీల వంశాల పేర్లన్నీ గొంతులో దాచుకున్న గాయకుల చదువూ అదే. ఆ లోకంలో పెర్సీ లాంటి కుర్రవాడు పుడితే వాడిలో ఎవరికీ ఏ లోపమూ కనిపించేది కాదు. బహుశా మంచి కథకుడయ్యేవాడు. అంటే ఈ వైకల్యం పిల్లవాడి తలలో మాత్రమే ఉన్నది కాదు. వాడి తలకూ, లోకం వాడిని అడుగుతున్న పనికీ మధ్య ఉంది. అడిగే పని మారినప్పుడు లోపం పుట్టుకొచ్చింది.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. అయితే పాత లోకమే మంచిదనీ, అక్షరం మన మీద రుద్దినదనీ అనేయడం తేలిక. మనలో కొందరు సభల్లో అలా మాట్లాడతారు కూడా, చప్పట్లు పడతాయి. కానీ పోడు భూమికి అటవీ హక్కుల దరఖాస్తు నోటితో ఇస్తే తీసుకోరు. బ్యాంకులో వేలిముద్ర వేసినవాడి ఖాతాలో ఏం జరిగిందో వాడికి తెలియదు. అక్షరం రాకపోవడం వల్ల మన పెద్దలు పోగొట్టుకున్న భూమి ఎంతో మనకు తెలుసు. కాబట్టి ఈ పిల్లలకు చదువు వద్దనే హక్కు ఎవరికీ లేదు, మనకు అసలే లేదు.

మన సమాజంలో ఈ విషయం మిగతా చోట్ల కంటే చిక్కుముడి కావడానికి కారణం భాష. కోయ పిల్లవాడు, గోండు పిల్లవాడు, లంబాడీ పిల్లవాడు ఒకటో తరగతిలో కూర్చున్నప్పుడు రెండు పనులు ఒకేసారి చేయాలి. తెలియని భాష నేర్చుకోవాలి, ఆ తెలియని భాషకు రాత నేర్చుకోవాలి. కోయ, గోండి తెలుగు లాగే ద్రావిడ భాషలు. గోర్ బోలి అయితే ఉత్తరాది భాషల కుటుంబానిది, తెలుగుతో చుట్టరికమే లేదు. "అరటి" అని బొమ్మ కింద రాసి ఉంటే, ఇంట్లో దాన్ని ఇంకో పేరుతో పిలిచే పిల్లకు 'అ' ఎక్కడ నుంచి వస్తుంది? ఈ సంగతి పెద్దలకు తెలియనిది కాదు. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ చొరవతో గోండు టీచర్లకు శిక్షణ మొదలైనప్పుడు మొదటి వాచకాలు గోండిలోనే తయారు చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, బంజారా, సవర, కువి వంటి ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య పేరుతో పుస్తకాలు వచ్చాయి. 2009 విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలనే అంటుంది. వీలైనంత అనే ఆ ఒక్క పదంలో నుంచి ఎన్ని బడులు జారిపోయాయో!

దీనివల్ల రెండు అన్యాయాలు పుడతాయి. అవి ఎదురెదురుగా నిలబడి ఉంటాయి.

మొదటిది, భాష రాని పిల్లను బుర్ర లేని పిల్ల అనడం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఇది కోర్టు దాకా వెళ్లింది. అక్కడి నల్లజాతి పిల్లలను తెలివి పరీక్షల మార్కులు చూపించి మందబుద్ధుల తరగతుల్లో వేసేవారు. ఆ పరీక్షలు తెల్లవాళ్ల ఇంటి మాటలతో, వాళ్ల బతుకుతో తయారైనవని తల్లిదండ్రులు కేసు వేశారు. 1979లో జడ్జి రాబర్ట్ పెక్‌హమ్ వాళ్ల పక్షాన తీర్పు చెప్పి, ఆ పని కోసం నల్లజాతి పిల్లలకు తెలివి పరీక్షలు పెట్టకుండా ఆపాడు. లారీ పి. కేసు అని పిలిచే ఈ తీర్పు గురించి మన ఉపాధ్యాయ శిక్షణలో చెబితే బాగుండును. మన పిల్లల మీద ఇలాంటి తీర్పు రోజూ స్టాఫ్ రూములో టీ తాగుతూ ఇచ్చేస్తుంటారు. అప్పీలు ఉండదు.

రెండో అన్యాయం గురించి మనం తక్కువ మాట్లాడతాం. నిజంగానే డిస్‌లెక్సియా ఉన్న పిల్లను చూసి, "తండా పిల్ల కదా, తెలుగు రాదు, మెల్లగా అదే వస్తుంది" అని వదిలేయడం. ఇది దయలా కనిపిస్తుంది, ఒక్కోసారి మన హక్కుల భాషలోనే వినిపిస్తుంది. పట్నంలో ఇదే ఇబ్బంది ఉన్న పిల్లను మూడో తరగతిలో నిపుణుల దగ్గరకు తీసుకువెళతారు. మన పిల్లకు మాత్రం పదో తరగతి తప్పేదాకా వివరణ సిద్ధంగా ఉంటుంది. పేదరికం అనో, భాష అనో, అడవి అనో. మన బాధలన్నీ నిజమే. నిజమైన ఆ బాధల వెనుకే ఈ పిల్ల కనబడకుండా పోతుంది.

వైద్యుడు మొదట అడిగే ప్రశ్ననే చూడండి. కుటుంబంలో ఎవరికైనా చదవడంలో ఇబ్బంది ఉందా? మన ఇళ్లలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. తాత బడికి వెళ్లలేదు, నాన్న రెండో తరగతిలో మానేశాడు. వాళ్లకు ఇబ్బంది ఉందో లేదో తెలియాలంటే ముందు వాళ్ల చేతిలో ఎవరో పుస్తకం పెట్టి ఉండాలి. మొదటి తరం చదువరి ఇంట్లో డిస్‌లెక్సియా ఆనవాలు దొరకదు.

మరి టీచరు ఎలా పోల్చుకోవాలి? నిపుణులు చేసే పని టీచరు చేయలేరు, చేయనక్కరలేదు. కానీ కొన్ని సంగతులు గమనించవచ్చు. అన్నిటికంటే ముందు కళ్లు, చెవులు, రక్తహీనత. మన ప్రాంతాల్లో సికిల్ సెల్ జబ్బు కూడా ఉంది కాబట్టి అదీ చూడాలి. రక్తం లేక తరగతిలో తూగే పిల్లకు ఇంకో పేరు పెట్టకూడదు. ఆ తర్వాత అదే ఊరు, అదే ఇంటి భాష, అదే బెంచీ పిల్లలతో పోల్చాలి గానీ పుస్తకంలోని సగటు పిల్లతో కాదు. ఇరవైమంది కోయ పిల్లల్లో పద్దెనిమిది మంది రెండేళ్లలో కూడబలుక్కుని చదివే స్థాయికి వచ్చి, ఇద్దరు రాకపోతే ఆ ఇద్దరి సంగతి భాషతో తేలదు. పద్దెనిమిది మంది రాకపోతే మాత్రం లోపం పిల్లల్లో వెతకవద్దు.

ఇంకొకటి, ఇది మాకు ముఖ్యంగా తోస్తుంది. పిల్లను ఇంటి భాషలోనే, నోటితోనే పరీక్షించవచ్చు. గోర్ బోలిలో ఒక మాట చెప్పి దాని మొదటి శబ్దం తీసేసి పలకమనండి. ఒకే శబ్దంతో ముగిసే రెండు కోయ మాటలు చెప్పమనండి. వరసగా పెట్టిన గింజ, ఆకు, రాయి, పుల్ల పేర్లు గబగబా చెప్పమనండి. ఇంటి భాషలో కూడా ఇవి చేయలేక తడబడుతుంటే ఇబ్బంది శబ్దాన్ని పట్టుకోవడంలోనే ఉందన్న అనుమానానికి బలం వస్తుంది. ఇంటి భాషలో చకచకా చేసి తెలుగులో ఆగిపోతే అది వేరే కథ. ఇంకో జాగ్రత్త. కోయ పిల్ల ద, ధ ఒకటిగా పలికితే అది వైకల్యం కాదు. ఆ భాషలో ఒత్తి పలికే శబ్దాలు లేవు. ఆ మాటకొస్తే తెలుగువాళ్లలో ఎంతమంది నోటిలో ఆ తేడా ఉంది?

ఈ పనికి కోయ తెలిసిన టీచరు, గోర్ బోలి తెలిసిన టీచరు కావాలి. పట్నం నుంచి వచ్చిన నిపుణుడు ఎంత చదివినా ఇది చేయలేడు. మన దేశ భాషల్లో డిస్‌లెక్సియాను గుర్తించడానికి జాతీయ మెదడు పరిశోధనా కేంద్రం 'డాలి' అనే పరీక్షను తయారు చేసినప్పుడు మొదట వచ్చినవి హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో. గోండి, కోయల వంతు ఎప్పుడు వస్తుందని ఎదురు చూస్తూ కూర్చోవడం కంటే మాటల జాబితాలు మన టీచర్లే రాయడం మొదలు పెడితే మేలు.

ఇప్పుడు పేరు సంగతి. మన తల్లిదండ్రుల భయం చిన్నది కాదు. ఇప్పటికే బిడ్డ చేతిలో ఎస్టీ సర్టిఫికెట్ ఉంది, దాన్ని చూసి మాట్లాడేవాళ్లు ఉన్నారు. దానికి తోడు సదరం శిబిరంలో వికలాంగుల సర్టిఫికెట్ కూడా తెచ్చి పెట్టాలా? ఆడపిల్లయితే రేపు పెళ్లి మాట? ఈ భయాన్ని అజ్ఞానమని కొట్టేయడం మాకు నచ్చదు. పేరు ఒకసారి అంటుకుంటే ఊడదు, వెనుకబడినవాళ్లు అనే పేరు మోసినవాళ్లకు ఇది ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. అయితే ఒక సంగతి చూడాలి. ఆ పిల్లకు పేరు లేకుండా లేదు. మొద్దు, మట్టిబుర్ర, దద్దమ్మ. రోజుకు నాలుగుసార్లు ఆ పేర్లతోనే పిలుస్తున్నారు. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని రెంటినీ నిషేధించింది. మొద్దు అని పిలవడం ఆ రెండోదే. కాబట్టి మనం తేల్చుకోవాల్సింది పేరు పెట్టాలా వద్దా అని కాదు, ఈ రెండు పేర్లలో ఏది అని. ఒకటి నేరం పిల్ల మీద మోపుతుంది. రెండోది పిల్లకు ఏం కావాలో చెబుతుంది.

పైగా సాయం చేయడానికి పేరు కోసం ఆగనక్కరలేదు. శబ్దాలను విడదీసి ఆడించడం, ఇసుకలో వేలితో రాయించడం, ఒక్కో గుణింతాన్ని తొందర లేకుండా మళ్లీ మళ్లీ చేయించడం, అందరి ముందు గట్టిగా చదవమనకపోవడం, జవాబు నోటితో చెప్పనివ్వడం. భాష రాక వెనుకబడ్డ పిల్లకూ ఇవి మేలే చేస్తాయి, డిస్‌లెక్సియా ఉన్న పిల్లకూ ఇవే కావాలి. పొరపాటున ఇచ్చినా నష్టం లేని సాయం ఇది. మండలాల్లోని భవిత కేంద్రాల రిసోర్స్ టీచర్లను ఇందులో సలహా అడగవచ్చు. పరీక్ష హాలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాగితం కావాలి.

కాగితం గురించి చట్టం ఏమంటుందో మన యువత తెలుసుకోవాలి. 1995 వికలాంగుల చట్టంలో అభ్యసన వైకల్యం లేదు. 2016 చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచి దీన్ని చేర్చింది. ఆ చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. అభ్యసన వైకల్యాన్ని వీలైనంత తొందరగా గుర్తించి తగినట్టు బోధించడం విద్యాసంస్థల బాధ్యత అని 16వ సెక్షన్ అంటుంది. బడి పిల్లలందరినీ ఐదేళ్లకోసారి సర్వే చేయాలని 17వ సెక్షన్ అంటుంది. ఎనిమిదేళ్లు నిండాకే సర్టిఫికెట్ ఇవ్వాలని, 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ చూడాలని, 18 ఏళ్లకు ఇచ్చింది జీవితాంతం చెల్లుతుందని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. రిజర్వేషన్ వంటి వాటికి 40 శాతం వైకల్యం ఉండాలి. పరీక్షలో సహాయకుడితో రాయించుకునేవాళ్లకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలని కూడా 2018లోనే చెప్పారు. సివిల్స్ పరీక్ష రాసిన వికాస్ కుమార్ అనే అభ్యర్థికి చేయి వంకరపోయి రాయలేని ఇబ్బంది ఉంది. 40 శాతం లేదని అతనికి రాసిపెట్టే మనిషిని ఇవ్వలేదు. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది. ఆ కొలత లేనంత మాత్రాన రాసిపెట్టే మనిషిని నిరాకరించకూడదని ఆ తీర్పు సారం.

హాస్టళ్లలో దీని మీద ఒక గొణుగుడు వినిపిస్తుంది. "వాడికి గంట ఎక్కువ ఇస్తే మా సంగతేంది? అందరికీ ఒకటే పేపరు కదా?" ఈ మాట మన నోట వచ్చినప్పుడు మనం ఒక్క క్షణం ఆగాలి. ఇది మనం విన్న మాటే. మన సీటు గురించి, మన ర్యాంకు గురించి, కాలేజీ మొదటి రోజు నుంచి విన్న మాట. అందరికీ ఒకటే పేపరు, మెరిట్ అంటే మెరిట్. దానికి మనం ఇచ్చే జవాబు ఏమిటి? పరుగు ఒకటే అయినా మొదలు పెట్టిన చోటు ఒకటి కాదని. ఆ జవాబు మన విషయంలో న్యాయమైతే, పక్క బెంచీలో ఒక్కో ఒత్తునూ ముల్లు తీసినట్టు తీసుకుంటూ చదివే మిత్రుడి విషయంలో కూడా న్యాయమే. అదనపు గంట వాడికి జవాబులు చెప్పదు. ప్రశ్న చదివే వీలు ఇస్తుంది. రిజర్వేషన్ అర్థం తెలిసినవాళ్లే ఈ గంటను ఓర్వలేకపోతే ఇంకెవరు ఓర్చుకుంటారు?

ఇంకో రకం ఓదార్పు కూడా ఉంది, దాన్ని మేము అంతగా నమ్మం. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' సినిమా ఈ దేశంలో డిస్‌లెక్సియా అనే మాటను ఇంటింటికీ తీసుకుపోయింది, ఆ మేలు కాదనలేం. అందులో పిల్లవాడు గొప్ప బొమ్మలు గీస్తాడు, చివరికి పోటీలో గెలుస్తాడు. మంచిదే. గీయలేని పిల్లవాడైతే? కొత్తవాడలో జంపఖానాలు నేసే పెద్దలను చూస్తుంటాం. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీలు అవే. ఏ రంగు ఎన్ని పోగులకు మారాలో కాగితం చూడకుండా లెక్కపెట్టుకుంటూ నేస్తారు. మా అవ్వలు అద్దాలు, గవ్వలు కుట్టే లెక్కా అంతే. అక్షరం లేని తెలివి ఎంత లోతైనదో తెలియడానికి ఇవి చాలు. కానీ డిస్‌లెక్సియా ఉన్న ప్రతి పిల్లలో ఒక కళ దాగి ఉంటుందని చెప్పడం ఆ పిల్ల మీద ఇంకో బరువు పెట్టడమే. చదువు రాని లోటును ఏదో ఒక గొప్పతనంతో తీర్చి చూపిస్తేనే మనిషిగా చూస్తాం అన్నట్టు ఉంటుంది. మామూలు పిల్లకు మామూలుగా ఉండే హక్కు ఉంది. బొమ్మలు రాకపోయినా, పాట రాకపోయినా, ఆమెకు చదవడం నేర్పాల్సిందే.

పెద్దయినవాళ్ల సంగతి చెప్పి ఆపుతాం. ఇది వయసుతో పోయే ఇబ్బంది కాదు. ఎలాగో డిగ్రీ దాకా వచ్చినవాళ్లలో కూడా ఉంటుంది. వాళ్లు దాచుకోవడం నేర్చుకుంటారు. కోచింగ్‌లో నోట్సు రాసుకోరు, పక్కవాళ్లది ఫొటో తీసుకుంటారు. వాట్సాప్‌లో రాయరు, వాయిస్ పెడతారు. ఫారం నింపాల్సి వస్తే కళ్లద్దాలు మరచిపోయాననో, రేపు వస్తాననో అంటారు. రాత్రి రెండింటి దాకా చదివి మర్నాడు నాలుగో వంతు పేపరు ముట్టుకోకుండా లేచి వస్తారు, ప్రిపరేషన్ చాలలేదని తమను తామే తిట్టుకుంటారు. ఫోన్ బిగ్గరగా చదివి వినిపించే సౌకర్యం ఇవాళ తెలుగులో కూడా ఉంది, పాఠాలు వినవచ్చు, గదిలో ఒకరు చదువుతుంటే నలుగురు వినవచ్చు. చిన్నప్పుడు పరీక్షించనివాళ్లు పెద్దయ్యాక కూడా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి అడగవచ్చు. ఉద్యోగ దరఖాస్తులో వైకల్యం ఉందా అని అడిగే గడి ఒకటి ఉంటుంది. అందులో అభ్యసన వైకల్యం కూడా వస్తుందని మా గదుల్లో చాలామందికి తెలియదు. తెలిసిన ఒకరిద్దరు చుట్టూ చూసి, 'లేదు' అని టిక్ పెట్టి, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతున్నారు.